బస్సెక్కుతున్న మనిషి

బూడిద డబ్బాలో బొటనవేలు అద్దుకుని రాజమౌళి మరో రెండు దారాలు కలిపాడు. అయిపోయిన పడుగు కొసకు కొత్త పడుగు కొస. నులిమి వదిలితే ముడి లేకుండా అతుక్కుపోవాలి. ఎదురుగా కండెలు చుడుతున్న భార్య భాగీరథికి మగ్గాల మోతలోనూ అతని దగ్గు వినిపిస్తూనే ఉంది. సూరత్‌కు వచ్చి ముప్పై ఎనిమిదేళ్లు, అదే పని. అన్నం తింటున్నా, నిద్రలో ఉన్నా ఎడమచేతి రెండు వేళ్లు ఒకదాన్నొకటి నులుముకోవలసిందే. ఏం చేస్తాం, చేతికి పట్టిన అలవాటు మరి.

సాయంత్రం పర్వత్ పాటియాలోని గదికి రాగానే గోడకానుకుని కూలబడ్డాడు. గోడ నిండా పాత హైదరాబాదు ఫొటోలు, ఎప్పుడో నూలు కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండరువి. జనవరిలో చార్మినార్ చుట్టూ రిక్షాలు. మేలో అఫ్జల్‌గంజ్‌లో పండ్ల గంపల ఆడవాళ్లు. ఆగస్టులో అబిడ్స్‌లో రెండంతస్తుల బస్సు, భుజాన సంచితో ఎక్కుతున్న ఒక మనిషి వీపు.

పెళ్లికి ముందు రెండేళ్లు అక్కడ పనిచేశాడు రాజమౌళి.

"గా బస్సెక్కేటోడు నేనేనే," అన్నాడు ఆయాసపడుతూ.

"నీ వీపు తోమినదాన్ని, నాకు తెల్వదా? గంత సక్కగ లేదు నీది."

"నవ్వులాట గాదు. జర ఒక్కసారి 'నువ్వేనయ్యా' అనరాదే."

"దగ్గు తగ్గినంక అంట తియ్యి. ముందుగాల గీ కషాయం తాగు."

కషాయం సగం కూడా దిగలేదు. పెదవులు నల్లబడుతుంటే మనవరాలు అమూల్య ఫోను చేసింది. అంబులెన్సు వచ్చింది. ఒళ్లంతా ప్లాస్టిక్కు తొడుక్కున్నవాడు "సాథ్ మే కోయీ నహీ" అంటూ భాగీరథికి చెయ్యి అడ్డం పెట్టాడు.

రాజమౌళి సంచి భుజాన వేసుకుని బండి మెట్టు మీద కాలు పెట్టాడు. వీపు ఇటు. కిందికి వేలాడుతున్న ఎడమచేతిలో రెండు వేళ్లు, అక్కడ లేని దారాన్ని నులుముతున్నాయి.

తలుపు పడింది. "నువ్వేనయ్యా" అన్నది భాగీరథి. బండి అప్పటికే వీధి మలుపు తిరుగుతోంది.

లోపలికొచ్చి ఆగస్టు కాగితానికి మొహం ఆనించినంత దగ్గరగా చూసింది. సంచి మనిషి ఎడమచెయ్యి వేలాడుతోంది. బొటనవేలు చూపుడువేలి మీద ఉంది.

నాలుగోరోజు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. కడసారి మొహం కూడా చూపించలేదు.

పదకొండో నాటికి అమూల్య ఆధార్ ఫొటో పెద్దది చేయించి తెచ్చింది. "గా ఫొటో పక్కకు పెట్టు బిడ్డా," అన్నది భాగీరథి. ఆగస్టు కాగితానికి తనే దండ వేసింది. దాని కింద, మగ్గాల దగ్గర నుంచి తెచ్చిన అతని బూడిద డబ్బా పెట్టింది. బూడిదలో బొటనవేలి గుంట అలాగే ఉంది.