రెండు పెట్టెల మధ్య పొద్దుటి పేపరు

చలి ముదరక ముందే తేనెటీగలు మగ ఈగల్ని గెంటేస్తాయి. అన్నాళ్లూ కూర్చుని తిన్నవాటిని రెక్క పట్టి గుమ్మం దాకా ఈడ్చి బయట పడేస్తాయి. ఇల్లరికం వచ్చిన తొలి ఏడాది నేనా తతంగం చూస్తుంటే, ఏం బాబూ, అంత శ్రద్ధగా చూస్తున్నావని అత్తయ్య అడిగారు. మా ఆవిడ పగలబడి నవ్వింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని.

ఆ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి ఒకే ఒక్క తేనెటీగల పెట్టె ఉండేది. కంచె మీద వాలిన చిన్న గుంపును ఏడుచోట్ల కుట్టించుకుని నేనే పట్టాను. దాని రాణికి ఎడమ రెక్క అంచు కాస్త చిరిగి ఉంటుంది. మిగతా నలభై పెట్టెలూ మామయ్యవి.

చలికాలం ముందు మామయ్య ప్రతి పెట్టెనూ వెనకనుంచి కొద్దిగా ఎత్తి చూస్తారు. బరువుంటే లోపల తిండి ఉన్నట్టు. నాది దూదిలా లేచింది. ఇది చలికి ఆగదు, పెద్ద పెట్టెతో కలిపేద్దామన్నారు. పెద్ద పెట్టె ఆయన ప్రాణం. మూడేళ్లుగా తేనెలో దాన్ని మించింది లేదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కాబట్టి ఒక రాణి పోవాల్సిందే. ఎవరి రాణో అడగక్కర్లేదనుకున్నాను.

పంచదార పాకం పోస్తాను, గడ్డి కప్పుతాను, నా పెట్టెను వదిలేయమని బతిమాలాను.

"గుప్పెడు ఈగలు ఎంత వెచ్చదనం పుట్టిస్తాయి? నీ పంతానికి అవి చావాలా?" అన్నారు మామయ్య.

 చూస్తూ నిలబడలేక గడ్డి తెచ్చే మిషతో వెళ్లిపోయాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, దారిలో ఏడ్చాను.

తిరిగొచ్చేసరికి పెద్ద పెట్టె మీద పొద్దుటి పేపరు పరిచి, సన్నగా నాలుగు గాట్లు పెట్టి, పైన నా పెట్టె ఎక్కించారు. నేరుగా కలిపితే కొత్త వాసనకు ఒకదాన్నొకటి చంపుకుంటాయట. కాగితం కొరుక్కుంటూ వచ్చేలోగా రెండు వాసనలూ ఒకటవుతాయట. నేను నమ్మలేదు.

మూడో రోజు పెట్టె గుమ్మం ముందు కాగితం పొట్టు కనిపించింది. ఒక్కో ఈగా ఒక్కో తునక మోసుకొచ్చి పారేస్తోంది. ఐదో రోజు పైపెట్టె మూత తీశాం. తేనెపట్టు చట్రాలు పక్కకు జరిపి చూస్తే పేపరుకు అంచులే మిగిలాయి. నిన్నటిదాకా పగవాళ్లయిన వేల ఈగలు ఒకే ముద్దగా అతుక్కుని ఒకే గొంతుతో మూలుగుతున్నాయి. పైన అరచెయ్యి పెడితే ఆ చలిలో కూడా వెచ్చగా తగిలింది.  ఇంత పెద్ద సంగతి ఒక పేపరు మందంలో జరిగిపోయిందా అనిపించింది.

ఆ ముద్దలోంచి రాణి పైకి వచ్చింది. ఎడమ రెక్క అంచు చిరిగి ఉంది.

నేను మామయ్య వైపు చూశాను.

"నాది ముసలిదైపోయింది. వచ్చే పూతకు పడుచుదే కావాలి," అన్నారు.

మరి దాన్నెప్పుడు తీశారని అడిగాను. నువ్వు గడ్డికి వెళ్లినప్పుడని చెప్పి, చేతులు పంచెకు తుడుచుకుంటూ పక్క పెట్టె వైపు నడిచారు. రెండడుగులు వేసి ఆగారు.

"రా. ఇది నువ్వే ఎత్తి చూసి చెప్పు."