పర్లేదంటే ఏమని?

ఎర్ర మందు ఉన్న రోజు నాకు పొద్దున్నే నోరు తడారిపోతుంది.

క్యాన్సర్ ఆసుపత్రిలో మందులు ఎక్కించే గదిలో నా ఉద్యోగం. ఏడు కుర్చీలు, ఏడు స్టాండ్లు, గోడకి ఒక గడియారం. మిగతా మందులు సంచుల్లోంచి చుక్కచుక్కగా వాటంతటవే దిగుతాయి. ఎర్ర మందు అలా కాదు. సెలైన్ పారుతూ ఉండగా సిరంజితో, చేత్తో, మెల్లగా తొయ్యాలి. నరంలో ఉన్నంతసేపూ అది మందు. నరం దాటి కండలోకి పోయిందా, నిప్పు. చర్మం నల్లబడి ఊడిపోతుంది. ఒక్కోసారి వేళ్ళు మళ్ళీ మడత పడవు. అందుకే కొంచెం తోసి, సిరంజి వెనక్కి లాగి చూస్తాం. గొట్టంలోకి రక్తం వస్తే సూది నరంలోనే ఉన్నట్టు. రక్తం వెనక్కి రాకపోతే మందు ముందుకి పోకూడదు. మా గదిలో మొదట నేర్పే పాఠం అదే.

నాకు వచ్చిన పాఠాలు తక్కువే. ఇంటర్ మధ్యలో చదువు ఆగిపోయింది. పెళ్ళి, ఆ వెంటనే పాప. తర్వాత ఏడాదిన్నర ట్రైనింగ్ చేసి ఇక్కడ చేరాను. మిగతా సిస్టర్లందరూ పెద్ద చదువులు చదివినవాళ్ళు. వాళ్ళ మాటల్లో అర్థం కానివి చీటీ మీద రాసుకుని, బస్సులో చదువుకుంటూ ఇంటికి వెళ్తాను.

భయాలు మాత్రం నాకు అందరికన్నా ఎక్కువ. ఆ మందు మరక ఏదైనా బట్టలకి అంటుకుని మూడేళ్ళ పాప దాకా వస్తుందేమోనని, గుమ్మంలోంచి తిన్నగా స్నానాల గదికే పోతాను. పాప తలుపు అవతల రెండు చేతులూ చాచి నిలబడుతుంది. నేను చేసే స్నానాలకి చేపకైనా జలుబు చేస్తుందంటుంది మా అత్త. ఆవిడ వెటకారం ఆవిడది, నా సబ్బు నాది.

ఆ రోజు నాలుగో కుర్చీలో కాజాలక్క కూర్చుంది. దర్జీ కొట్టులో చొక్కాలకి కాజాలు కుట్టడం ఆవిడ పని. మిషన్ ఉన్నా, మంచి చొక్కా కాజా చేత్తోనే కుట్టాలంటుంది. ఎవరొచ్చినా మొహం కన్నా ముందు గుండీలు చూస్తుంది. ఒకసారి డాక్టరుగారి కోటు పట్టుకుని, ఇది కుట్టినవాడికి కళ్ళైనా లేవు, జాలైనా లేదు అని గదినంతా నవ్వించింది. కుడి చెయ్యి ముట్టుకోవద్దని మొదటి రోజే చెప్పింది. అది అన్నం పెట్టే చెయ్యి. మూడుసార్లు ఎర్ర మందు ఎడమ చేతికే ఎక్కించాం. నాలుగోసారికి ఆ నరాలు తాళ్ళలా గట్టిపడిపోయాయి. నేను వచ్చేసరికే పెద్ద సిస్టర్ ఆవిడని ఒప్పించి కుడి మణికట్టు పైన సూది పెట్టేసింది. పెద్ద సిస్టరంటే ఆ గదికి ఇన్‌చార్జి. ఇరవై ఏళ్ళ అనుభవం. కళ్ళు మూసుకుని నరం పట్టగలదు.

మొదటి రెండుసార్లు లాగినప్పుడు రక్తం వచ్చింది. మూడోసారి రాలేదు. చెయ్యి కొంచెం తిప్పి మళ్ళీ లాగాను. రాలేదు. వాపు లేదు, ఎరుపు లేదు, సెలైన్ చుక్కలు పడుతూనే ఉన్నాయి. మంటగా ఉందా అక్కా అని అడిగాను.

"పర్లేదు చెల్లీ," అంది.

నేను సిరంజి మీద వేలు తీసేశాను.

పెద్ద సిస్టర్ వచ్చి చూసింది. సెలైన్ పారుతోందిగా అంది. సూది మొన నరం గోడకి ఆనుకుని ఉంటుంది, ఒక్కోసారి రక్తం రాదు, పేషెంటే పర్లేదంటోంది, బయట పన్నెండు మంది కాచుకుని ఉన్నారు, కానివ్వు అంది. ఆవిడ చెప్పినవన్నీ నిజమే అయ్యుండొచ్చు. కానీ నేను చేరి మూడు నెలలే అయింది. ఆరు నెలలు నిండితేగాని ఉద్యోగం ఖాయం కాదు. ఈవిడ ఒక్క మాట రాస్తే చాలు, ఇంటికి పంపేస్తారు. పాప మొహం కళ్ళ ముందు మెదిలింది. అయినా వేలు కదల్లేదు.

"నేను ఎక్కించను," అన్నాను.

"అయితే లే. నేను ఎక్కిస్తా."

"మిమ్మల్నీ ఎక్కించనివ్వను, పెద్ద సిస్టర్."

ఏడు కుర్చీలూ మావైపు తిరిగాయి. ఆవిడ చెయ్యి చాచింది, నేను సిరంజి ఇవ్వలేదు. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టుంది అంది. ఈ రూలు నాకు నేర్పింది మీరే, నేర్పిన రోజు ఒక్కోసారి అన్న మాట మీరు చెప్పలేదు అన్నాను. సిరంజి మాత్రం వదల్లేదు.

పర్లేదన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. మనకి ఆ మాట ఉగ్గుపాలతో వస్తుంది. కాలు తొక్కినవాడికీ పర్లేదంటాం, తలుపు సందులో వేలు నలిగినా పర్లేదంటాం. చదువు ఆపెయ్యమన్న రోజు మా నాన్నతో నేనూ అదే అన్నాను. ఆ మాట వెనకాల ఏం ఉంటుందో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. కాజాలక్క పక్కన వంగాను.

"అక్కా, పర్లేదంటే ఏమని? మంట లేదనా, మంట ఉన్నా ఓర్చుకుంటాననా?"

ఆవిడ పెద్ద సిస్టర్ని చూసింది, తలుపు బయట నిలబడ్డవాళ్ళని చూసింది.

"ఓర్చుకుంటాననే," అంది మెల్లగా. "పొయ్యిలో పెట్టినట్టుంది. ఆపేస్తే ఈసారికి ఇంక మందు లేదంటారేమోనని చెప్పలేదు."

ఆ తర్వాత పనిలో పెద్ద సిస్టరే నాకన్నా ముందుంది. సూది తియ్యకుండా, దాంట్లోంచే లాగి, వచ్చినంత మందు వెనక్కి తీసింది. తర్వాతే సూది తీసింది. మంట ఎక్కడిదాకా ఉందో కాజాలక్కనే చూపించమని, ఆ అంచు చుట్టూ నేను పెన్నుతో గీత గీశాను. చెయ్యి దిండు మీద ఎత్తి పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టాం. డాక్టరు వచ్చి విరుగుడు మందు రాశాడు. ఎంత లోపలికి పోయిందో వారం గడిస్తేగాని చెప్పలేనన్నాడు.

కాజాలక్క అడిగింది ఒకటే, వేళ్ళు ఆడతాయా అని. నేను ఐసు గుడ్డ సర్ది మళ్ళీ పెట్టాను.

మర్నాడు వచ్చి ఒక కాగితం మీద సంతకం పెట్టమని సూపరింటెండెంటు మేడమ్ ఆ సాయంత్రమే కబురు పంపింది. నేను వెళ్ళేసరికి పెద్ద సిస్టర్ అక్కడే కూర్చుని ఉంది. బల్ల మీద టైపు కొట్టిన కాగితం ఉంది. మందు ఎక్కుతున్నంతసేపూ పేషెంటు ఏ బాధా చెప్పలేదనీ, నేను పైవాళ్ళ మాట ధిక్కరించాననీ అందులో రాశారు. కింద నేను సంతకం పెట్టాలి. నోరు మంచిదైతే ఊరు మంచిది, పెట్టేసి రా అని మా అత్త పొద్దున్నే చెప్పి పంపింది. నేను ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. పాప బొమ్మల పుస్తకంలోంచి చింపి ఇంట్లోనే రాసుకొచ్చిన కాగితం తీసి దాని మీద పెట్టాను. అప్పటికే పాప దాని అంచంతా నీలం రంగు పూసేసింది. జరిగింది జరిగినట్టు రాశాను. పేషెంటు పర్లేదు అన్నారు, మంట ఉందని దాని అర్థం, నేను మళ్ళీ అడిగితే చెప్పారు అని కూడా రాశాను.

మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఎర్ర పెన్ను తీసి రెండు చోట్ల దిద్దింది. తర్వాత విసుగొచ్చి మూత పెట్టేసింది.

"దీన్నిండా తప్పులే," అంది.

"అక్షరాల్లో ఉంటాయి మేడమ్. జరిగినదాంట్లో లేవు."

మేడమ్ పెద్ద సిస్టర్ వైపు తిరిగి, ఇందులో రాసింది నిజమేనా అని అడిగింది. పెద్ద సిస్టర్ తన చేతుల్ని చూసుకుంది. రక్తం రాలేదు, అది నిజమే అంది. కానీ అందరి ముందూ అలా మాట్లాడాల్సింది కాదు అని కూడా అంది. మేడమ్ రెండు కాగితాలూ ఫైల్లో పెట్టింది. ఉద్యోగం ఖాయం చెయ్యడం ఇంకో మూడు నెలలు వాయిదా వేసింది. నేను క్షమాపణ చెప్పలేదు. ఎవరికి చెప్పాలో, ఎందుకు చెప్పాలో తెలియక.

ఆ వారమంతా నాకు సరిగ్గా నిద్ర లేదు. బస్సులో ఎవరి చెయ్యి కనిపించినా వేళ్ళే చూశాను.

ఎనిమిదో రోజు కాజాలక్క వచ్చింది. నేను గీసిన గీత సగం చెరిగిపోయింది. గీత లోపల గోరంత మేర చర్మం నల్లబడి పొట్టు లేచింది. డాక్టరు నొక్కి చూసి, పైపైనే ఆగింది, మానిపోతుందన్నాడు. ఇకనుంచి మందు చేతి నరాలకి కాదు, మెడ కింద గొట్టం అమర్చి దాంట్లోంచి ఎక్కిద్దామన్నాడు. కాజాలక్క ఆయన చెప్పేది వింటూనే బొటనవేలూ చూపుడువేలూ కలిపింది, విడదీసింది, మళ్ళీ కలిపింది. రెండు వేళ్ళ మధ్యా నా చేతి తొడుగు అంచు పట్టుకుని లాగింది. గట్టిగానే లాగింది.

"నిన్ను తీసేశారని విన్నానే?" అంది.

"లేదక్కా. నన్ను ఇంకో మూడు నెలలు ఎక్కువ చూస్తారట," అన్నాను. "చూడనీ. వాళ్ళ చేతులు నేనూ చూస్తా."