అమ్మవారి పెట్టె గడియ

నేను ఒక గడియను. నా చీలను మనుషులు పట్టుకుపోయారు, తిరిగి ఇవ్వలేదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. జరిగింది అది.

గడియ అంటే తలుపుకు అడ్డంగా జరిగే ఇనుప కడ్డీ. దాని కొసన ఒక బెజ్జం ఉంటుంది. పైనుంచి ఆ బెజ్జంలోకి దిగేది చీల. గడియ తలుపును పట్టుకుంటుంది, చీల గడియను పట్టుకుంటుంది. ఇళ్లలో చీల లేకపోయినా గడియకు జరిగిపోతుంది, ఎందుకంటే ఇల్లు ఊగదు. నేను ఉన్నది ఇంటికి కాదు. సముద్రం ఒడ్డున కొబ్బరిచెట్ల మీదుగా ఆకాశంలోకి లేచే జెయింట్ వీల్‌లో, మనుషులు కూర్చునే ఒక పెట్టె తలుపుకు.

మమ్మల్ని రైలు పట్టాల పక్కన ఒక లేత్ షెడ్డులో చేశారు. ఒకే కడ్డీని కోశారు. పొడుగు ముక్క నేను, పొట్టి ముక్క చీల. హుస్సేను మేస్త్రి అనే ఆయన నా బెజ్జాన్ని చేత్తో ఆకురాయి పెట్టి రాశాడు. చీలను దించి చూశాడు, తీశాడు, మళ్లీ రాశాడు. చివరికి అది ఆనుకుని దిగి కూర్చుంది. ఇంకో గడియ చీల నాకు దిగదు. నా చీల ఇంకొకదానికి దిగదు.

మొదట మా చక్రం ఎగ్జిబిషన్లతో ఊళ్లు తిరిగింది. ప్రతి ఊళ్లోనూ విప్పడం, గోనెల్లో వెయ్యడం, లారీ ఎక్కించడం. విప్పినప్పుడల్లా హుస్సేను మేస్త్రి ఏ చీలను ఆ గడియకే గుడ్డపీలికతో కట్టేవాడు. ఆయన ఎవరితోనూ మంచిగా మాట్లాడేవాడు కాదు. పీలిక వదులుగా కట్టిన వాణ్ణి తిట్టేవాడు. ఆ తిట్లు వినబడినంత కాలం నాకు భయం అంటే తెలియదు.

తరవాత చక్రాన్ని ఈ సముద్రపు నగరంలో పార్కు నడిపే ఆసామి కొన్నాడు. హుస్సేను మేస్త్రి కూడా చక్రంతో పాటే వచ్చాడు. ఇక్కడికి వచ్చాక మా ఇద్దరి మధ్య వేసిన చిన్న గొలుసు ఉప్పుగాలికి తుప్పుపట్టి ఊడిపోయింది. కొత్త గొలుసు వెయ్యలేదు. రంగు మాత్రం ఏటా వేశారు. మనుషులకు కంటికి కనబడేదాని మీద శ్రద్ధ ఎక్కువ.

పెట్టెలో మనుషులు ఎలా ఉంటారో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. కింద ఎక్కేటప్పుడు మొగుడు పెళ్లాన్ని వెక్కిరిస్తాడు. పైకి వెళ్లాక ఆమె చెయ్యి వదలడు. సగం దారిలో తలనీలాలు మొక్కుకుంటారు. దిగి మిరపకాయ బజ్జీలు తింటూ ఆ మొక్కు ఎవరికి మొక్కారో మరచిపోతారు. సముద్రాన్ని చూడడానికని ఎక్కుతారు. పైన కళ్లు మూసుకుంటారు.

ఇక దసరా సంగతి. మహర్నవమి నాడు పనివాళ్లు పనిముట్లను అమ్మవారి పటం ముందు పెట్టి పూజ చేస్తారు. పెట్టినవి మరునాడు ఉద్వాసన చెప్పేదాకా ముట్టరు. పానాలు, సుత్తులు, నూనె డబ్బా, అన్నీ పళ్లెంలో కూర్చుంటాయి. కానీ చక్రానికి కూడా పూజ జరగాలి. చక్రం పళ్లెంలో పట్టదు. అందుకని చక్రం నుంచి ఒక ముక్క తీసి పెట్టేవారు. ఊడదీయడానికి సులువైనది చీల. పూజ స్థలానికి దగ్గరగా ఆగేది మా పెట్టె. కాబట్టి ప్రతి నవమికీ నా చీల పళ్లెంలో, నేను ఒంటరిగా గాలిలో.

హుస్సేను మేస్త్రి బతికి ఉండగా ఒకటే మాట అన్నాడు. "పూజ మీ ఇష్టం. చీల లేని పెట్టెలో మనిషి కాలు పెట్టకూడదు." ఆ రోజు ఆ పెట్టెను ఖాళీగా తిప్పేవారు. బోసిగా కనబడుతోందని ఒక ఏడు బంతిపూల దండ వేశారు. మరుసటి ఏడు లోపల కొబ్బరికాయ పెట్టారు. మేస్త్రి పోయాక అది అమ్మవారి పెట్టె అయింది. నవమి నాడు అందులో అమ్మవారు కూర్చుని ఊరిని చూస్తుందని చెప్పుకున్నారు. మనుషులు భయాన్ని ఎక్కువ కాలం గుర్తుపెట్టుకోలేరు. దానికి పసుపు రాస్తారు. రాసిన తరవాత అది భయం అని ఎవరికీ తెలియదు.

మేస్త్రి తరవాత చక్రం చూసుకున్నవాడు అసిరయ్య. అసలు కారణం అతనికి తెలుసు. తన కింద లీవరు దగ్గర నిలబడే గవరయ్యకు మాత్రం చెప్పలేదు. అమ్మవారి పెట్టె అంటే చాలు, ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. కారణం చెప్పడం కంటే అది తేలిక.

ఆ ఏడు నవమి మధ్యాహ్నం అసిరయ్య భార్య దాలమ్మ పూజకు కొబ్బరికాయ తెచ్చింది. చిలకపచ్చ చీర, తల నిండా కనకాంబరాలు. అసిరయ్య రేకుల షెడ్డులో పటం ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె కాయ ఇచ్చి బయటికి వచ్చి చక్రం దగ్గర నిలబడింది.

"ఏటి గవరయ్యా, జనం ఇలా ఇరగబడిపోతంటే ఈ పెట్టె కాళీగా తిప్పుతన్నావు?"

"అది అమ్మోరి పెట్టె వదినా. ఎవుల్నీ ఎక్కించకూడదు."

"అమ్మోరు ఒకర్తీ తిరుగుతాదా? పక్కన ముత్తైదువ ఉండొద్దేటి?"

"అన్నకి తెలిస్తే నన్ను సముద్రంలో తోసేత్తాడు."

"మీ అన్న గంట కొడతన్నాడు, ఇప్పుడప్పుడే లెగడు. ఊళ్లో అడ్డమైనోళ్లందరూ ఎక్కి దిగేరు. సక్రం మేస్త్రి పెళ్లాన్ని, నానేమో మెడ నొప్పెట్టేదాకా కింద నిలబడి సూస్తాను. ఎప్పుడడిగినా ఇంటాడదానికి గాల్లో పనేటంటాడు. అమ్మోరికి గాల్లో పనున్నప్పుడు నాకుండదేటి?"

గవరయ్య నవ్వాడు. పండగ పూట ముత్తైదువను కాదనడం అరిష్టం అనుకున్నాడు. తలుపు తీశాడు. ఆమె కొబ్బరికాయ పక్కన కూర్చుంది. అతను తలుపు వేసి నన్ను జరిపాడు. నా బెజ్జంలో బంతిపూల దండ దారం వేలాడుతోంది. దానికీ దండం పెట్టి లీవరు దగ్గరికి వెళ్లాడు.

చక్రం కదిలింది.

మోటారు వణుకు ఇరుసులోంచి పెట్టెలోకి వస్తుంది, పెట్టెలోంచి తలుపులోకి, తలుపులోంచి నాలోకి. చీల ఉన్నప్పుడు ఆ వణుకు దాని మీద ఆగిపోయేది. ఇప్పుడు ఆగడానికి చోటు లేదు. ఊగు ఊగుకూ నేను వెనక్కి జరుగుతున్నాను. ఖాళీ పెట్టెతో జరిగితే అది వేరు. ఇప్పుడు తలుపుకు ఒక మనిషి మోకాళ్లు ఆనించి కూర్చుని ఉంది. కొబ్బరిచెట్ల తలలు కిందికి పోయాయి. బజ్జీల పొగ కిందికి పోయింది. ఆమె తలుపు మీద మోచేతులు పెట్టి వంగి సముద్రాన్ని చూసింది. కళ్లు మూసుకోలేదు. నేను చూసినవాళ్లలో ఆమె ఒక్కతే.

"ఓలమ్మా, ఎంతుంది," అంది. ఆ మాట కొబ్బరికాయకు చెప్పింది.

మా పెట్టె అన్నిటికంటే పైకి వచ్చేసరికి చక్రం ఆగింది. కింద జనాన్ని ఎక్కిస్తున్నారు. సముద్రపు గాలి పక్కనుంచి కొట్టింది. నేను ఇంకొంచెం జరిగాను. దండ దారం తెగింది. పూలు ఒక్కొక్కటిగా కిందికి రాలాయి.

ఆ పూలు చూసి కాబోలు, షెడ్డులోంచి బయటికి వచ్చిన అసిరయ్య తల ఎత్తాడు. చిలకపచ్చ చీర చూశాడు. అరిచాడు. అంత ఎత్తుకు మాట రాదు, గాలి తినేస్తుంది. చేతులు ఊపాడు. మొగుడు తిడుతున్నాడనుకుంది ఆమె. నవ్వింది. బాగా కనబడాలని లేచి నిలబడి, తలుపుకు ఒళ్లంతా ఆనించి, చెయ్యి ఊపింది.

ఆ క్షణం నేను తలుపును పట్టుకున్నది గోరంత. అంతకంటే చెప్పను.

అసిరయ్య అరవడం మానేశాడు. అరిచిన కొద్దీ ఆమె వంగుతోందని అతనికి తెలిసింది. కూర్చోమని సైగ చేశాడు. ఆమె తల అడ్డంగా ఊపి ఇంకా నవ్వింది. ఇంట్లో ఏనాడూ ఎదురు చెప్పనిది, ఇక్కడ అతని చెయ్యి అందదని ధైర్యం. అప్పుడు అసిరయ్య ఇసకలో మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తి, ఆమెకు దండం పెట్టాడు.

దాలమ్మ నవ్వు ఆగిపోయింది. పెళ్లయిన నాటి నుంచి దండాలు పెట్టించుకున్నవాడే గాని పెట్టినవాడు కాదు. తిట్టుకు భయపడని మనిషి దండానికి భయపడింది. మెల్లగా వెనక్కి కూర్చుంది. అతను ఒక చేత్తో రెండో మణికట్టును బిగించి పట్టి చూపించాడు. ఆమె చుట్టూ చూసి, తలుపు చూసి, నన్ను చూసింది. చువ్వల సందులోంచి చెయ్యి బయటికి పెట్టి నన్ను పట్టుకుంది.

అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. నన్ను ముందుకు నెట్టింది. నెట్టి అక్కడే బిగించింది. ఆమె నాడి నాకు తగిలింది. ఇనుముకు నాడి ఉండదు కనుక అది ఎంత వేగమో చెప్పలేను.

"ఆపకు. నెమ్మదిగా దించు. ఎవులు అరిసినా ఆపకు," అన్నాడట అసిరయ్య. గవరయ్య చేతిలో లీవరు జారుతుంటే ఇద్దరూ కలిసి పట్టుకున్నారట. ఇది తరవాత విన్నది. పైన మాకు వినబడింది చక్రం కీచుమనడం ఒక్కటే.

దిగే దారి సముద్రం వైపు. పెట్టె ముందుకు వాలింది. కొబ్బరికాయ దొర్లి ఆమె పాదానికి కొట్టుకుంది. తలుపు ఒళ్లు విరుచుకుంది. నా అంచుకు ఆమె అరచెయ్యి కోసుకుంది. రక్తం నా మీదుగా కారి జారుడయింది, అయినా వదలలేదు. ఆమె ఏ దేవుడికీ మొక్కుకోలేదు. పళ్లు బిగించి, "జరగకే, జరగకు," అంది. నాతోనే అంది. నాతో మాట్లాడిన మనిషి ఇంకొకరు లేరు.

కిందికి వచ్చాం. ఆమె వేళ్లు తెరుచుకోలేదు. అసిరయ్య ఒక్కొక్క వేలూ విడదీశాడు.

ఆమె అడిగిన మొదటి మాట, "నాకు దండమెట్టినావేటి మావా?"

"నీకెందుకెడతాను," అన్నాడు. "అమ్మోరికెట్టినాను. నువ్వు అడ్డం ఉన్నావు."

జనం మూగారు. పూజకు వచ్చిన ముసలమ్మ ఒకావిడ తీర్పు చెప్పింది. "సీల అమ్మోరి పాదాల కాడుంటే తలుపు ఎలాగ తెరుసుకుంటాదర్రా? ఆ సీలే కాపాడింది." అందరూ అవునన్నారు. అసిరయ్య కూడా అవునన్నాడు. అలా అంటే, చీల తీసింది ఎవరని ఎవరూ అడగరు. దాలమ్మ తన కోసుకున్న చేతికి చీర కొంగు చుట్టుకుంది.

మరునాడు ఉద్వాసన చెప్పారు. పానాలు, సుత్తులు పనిలోకి వచ్చాయి. చీల రాలేదు. దానికి పసుపుతాడు కట్టి అసిరయ్య ఇంటి దేవుడి గూట్లో పెట్టుకున్నారు. రోజూ దీపం, శుక్రవారం పాయసం. ఆ రోజు అక్కడ లేనిది దేవత అయింది. ఉన్న నన్ను నీళ్లతో కడిగి, బెజ్జంలో తీగముక్క దూర్చి మెలితిప్పారు. అతనికి పెళ్లాం దక్కింది. నాకు చీల దక్కలేదు.

తీగ నా బెజ్జంలో గలగలలాడేది. మనిషి ఎక్కినప్పుడల్లా, గాలి వచ్చినప్పుడల్లా, చక్రం పైన ఆగినప్పుడల్లా నేను భయపడ్డాను. వాళ్లు భయపడలేదు. వాళ్లకు గూట్లో చీల ఉంది. దాలమ్మ మళ్లీ ఎక్కలేదు. అసిరయ్య ఎక్కమన్నాడు కూడాను.

కొన్నాళ్లకు ఆసామి పెట్టెలన్నీ మార్చి అద్దాల పెట్టెలు వేయించాడు. పాత తలుపులతో పాటు నన్ను ఇనప సామాను కొట్టుకు తోలారు. ఇక్కడ విరిగిన నాగళ్లు, సైకిలు చక్రాలు, మంచం కోళ్లు ఉన్నాయి. వాటికి ఊసుపోదు. ఆమె పడిపోతే నీకేం పోయేది అంటాయి. పడలేదు కదా, ఇంకా ఎందుకు వణుకుతావు అంటాయి.

నేల మీద బతికిన ఇనుముతో నాకు మాటలు లేవు. మీరు అడిగారు కనుక ఒకసారి చెప్పాను. దీని గురించి నేను ఇంక మాట్లాడను. కొలిమిలో పెట్టినా మాట్లాడను.