పేరు లేని పోస్టరు

తరగతిలో ఆ అమ్మాయిని అందరూ రబ్బరమ్మ అంటారు. గీసేదానికన్నా చెరిపేది ఎక్కువ మరి. విశ్వవిద్యాలయంలో గ్రాఫిక్ డిజైన్ చదవడానికైతే చేరింది కానీ, గీసింది నలుగురికీ చూపించాలంటే భయం.

అక్కడ మాస్టారు పెట్టిన పద్ధతొకటి ఉంది. పోస్టర్లన్నీ పేర్లు లేకుండా గోడకి గుచ్చాలి. ప్రతిదాని గురించీ అందరూ తలా ఒక మాట అనాలి, గీసినవాళ్ళు మాత్రం తమదాని దగ్గర నోరు మెదపకూడదు. అంతా అయ్యాక ఎవరిది వాళ్ళు దించుకోవాలి.

ఆసారి ఇచ్చిన అంశం చేతిపని. రబ్బరమ్మ వాళ్ళమ్మ చెయ్యి గీసింది. వాళ్ళమ్మ బట్టలు కుడుతుంది. ఎప్పుడో మిషను సూది దిగి కుడిచేతి చూపుడువేలు వంకరపోయింది. కూతురు "కదలకమ్మా" అంటుంటే, పాపం పొద్దుటి పనంతా మానుకుని మిషను మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. రబ్బరమ్మ చెరపకుండా గీసిన బొమ్మ అదొక్కటే.

గోడమీద దాని వంతు రాగానే వెనక వరసలో ఒకడు, విరిగింది వేలా బొమ్మా అన్నాడు. తరగతంతా ఘొల్లుమంది. ఇంకేముంది, తలా ఒక రాయి వేశారు. వంతు రబ్బరమ్మదాకా వచ్చింది. మాట్లాడకపోతే అది తనదని తెలిసిపోతుంది.

"చెయ్యంటే ఎలా ఉంటుందో తెలీకుండా గీసినట్టున్నారు. ఆ వేలు చూస్తేనే అసహ్యంగా ఉంది," అంది.

అన్నిటికన్నా ఎక్కువ నవ్వు ఆ మాటకే వచ్చింది. చివరికి గోడమీద అదొక్కటే మిగిలింది. సొంతదారు వచ్చేదాకా దాన్నెవరూ ముట్టుకోవద్దన్నారు మాస్టారు. ఎవరూ లేనప్పుడు లాగేద్దామని రబ్బరమ్మ ఎన్నిసార్లు తచ్చాడినా, గదిలో ఎవరో ఒకరు ఉండనే ఉండేవారు.

ఇంతలో అమ్మానాన్నలు వచ్చి పిల్లల పని చూసే రోజు వచ్చింది. అమ్మని రావద్దని రబ్బరమ్మ చెప్పలేకపోయింది. వాళ్ళమ్మ వచ్చి, సరాసరి ఆ పోస్టరు ముందుకెళ్ళి, మొహం చేటంత చేసుకుని, తన చెయ్యి బొమ్మ పక్కన ఆనించి చూసుకుంది.

వెనక వరస కుర్రాడు తల దించుకున్నాడు. మాస్టారు దగ్గరికొచ్చారు.

"మీ అమ్మాయి గీసిందేనా అండీ?"

ఆవిడ కూతురి వంక చూసింది. కూతురు నేలచూపులు చూస్తోంది. ఆవిడకి ఆ మాత్రం చాలు.

"కాదేమోలెండి. ఇలాంటి వేళ్ళు ఎంతమందికి లేవు," అని కుడిచేతిని తన సంచి వెనక దాచుకుంది.

రబ్బరమ్మకి సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆ రోజు తనన్న మాట గదిలో అందరికీ గుర్తుందని తెలుసు. అయినా తలెత్తి చెప్పింది.

"నాదే మాస్టారూ. అది మా అమ్మ చెయ్యి."

ఎవరూ నవ్వలేదు. గోడమీంచి పోస్టరు దించి, చుట్టి, వాళ్ళమ్మకి ఇచ్చింది. ఆవిడ కుడిచెయ్యి సంచి వెనకనుంచి తియ్యకుండానే దాన్ని ఎడంచేత్తో అందుకుంది.