అన్నయ్య కాగితంలో నా తడి

అన్నయ్య పుండుకి పెట్టుకునే గుడ్డలు నేను ఉతికేటప్పుడు నావి రెండు అందులో కలిపేసేదాన్ని. అన్నయ్యవి మొత్తం పన్నెండు. నానమ్మది మెత్తటి పాత దుప్పటి చింపి, ఒరుసుకోకుండా అంచులు మడిచి, అమ్మ కూర్చుని ఓపిగ్గా కుట్టినవి. నావి నా పాత యూనిఫాంలోంచి నేనే కత్తిరించుకున్నవి, గరుకువి. బకెట్లో వేడినీళ్లు పోయగానే అన్నిటి మీదా మరక ఒకేలా కరిగేది. ఒకే మరక. అన్నయ్యదైతే ఇంటిల్లిపాదికీ బెంగ. నాదైతే బకెట్ అడుగున దాక్కోవాల్సిందే.

ఆ జబ్బు నాకే ముందు వచ్చింది. ఈ మాట ఎవరితోనైనా అనాలని ఎంతగా అనిపించేదో చెప్పలేను, ఏదో పందెంలో ముందు నేనే గెలిచానన్నట్టు. ఏడాదిన్నర క్రితం, తొమ్మిదో తరగతి చివర్లో, కూర్చునే చోట పక్కగా ఒక గడ్డ లేచింది. చితికింది, మానింది, మళ్లీ లేచింది. చివరికి అక్కడొక చిన్న రంధ్రం మిగిలిపోయి రోజూ తడి. అమ్మతో చెప్పడానికి మూడు రోజులు మాటలు కూడగట్టుకున్నాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండా, వేడి చేసుంటుంది, నీళ్లు బాగా తాగమంది. రెండోసారి చెప్పినప్పుడు చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "అలాంటి చోటు డాక్టరుకి ఎలా చూపిస్తావే? అదే తగ్గిపోతుందిలే. నాన్నతో మాత్రం అనకు." మూడోసారి నేను చెప్పలేదు, అమ్మ అడగలేదు. బడిలో బెంచీ మీద ఒక పక్కకే ఒరిగి కూర్చునేదాన్ని. సరిగ్గా కూర్చోవడం కూడా నేర్పాలా అని లెక్కల మాస్టారు అన్న రోజు నుంచి క్లాసులో నా పేరు వాలుకుర్చీ. నేనూ వాళ్లతో కలిసి నవ్వేదాన్ని. నవ్వకపోతే ఎందుకలా కూర్చుంటావని అడుగుతారు కదా.

అన్నయ్య పాల వ్యాను నడుపుతాడు. ఈ ఏడు వాన మొదలయ్యే రోజుల్లో తనకీ అదే చోట గడ్డ లేచింది. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుంటూ అబ్బా అన్నాడు, అంతే. వారం తిరక్కుండా నాన్న పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. రోజంతా సీటు మీద కష్టపడేవాడు, వాడికి కూర్చోవడమే బతుకుతెరువు అన్నాడు నాన్న. నేనూ రోజంతా కూర్చునే చదువుతాను. కానీ చదువుని ఎవరూ కూర్చోవడం కింద లెక్కేయరు. రాసిచ్చినవి చదివి చెప్పడానికి పనికొస్తానని అమ్మతో పాటు నన్నూ వెంట తీసుకెళ్లారు.

అక్కడ డాక్టరు ఆడమనిషి. అన్నయ్యని పరీక్ష గదిలోకి పిలిచి, తెర వేసి, చూసి, చేతులు కడుక్కుని వచ్చింది. అలాంటి చోటు ఎలా చూపిస్తావురా అని అన్నయ్యని ఎవరూ అడగలేదు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ సంచి తాడు సర్దుకుంటోంది.

డాక్టరమ్మ ఒక కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. లోపలి నుంచి చర్మం దాకా ఒక దొంగదారి పడిందట. దాన్ని ఫిస్టులా అంటారట. అన్నయ్యది మలద్వారాన్ని బిగించే కండలోంచి పోతోంది కాబట్టి కోస్తే ఆ కండకి దెబ్బ. అందుకని కోయకుండా, ఆ దారిలో ఒక చిన్న ముక్క దూర్చి, లోపలి వైపు కుట్టేస్తారట. బయటి రంధ్రం మూయరు, తడి పోవాలి కదా. మెల్లగా ఒంటి కండ ఆ ముక్కని పట్టుకుని అల్లుకుని దారి మూసుకుంటుందట. అందరికీ పట్టాలని లేదు, చూద్దాం అంది. నమూనాగా ఒక ముక్కని అరచేతిలో పెట్టి చూపించింది. తెల్లగా, ఒక కొన సన్నగా, నా చిటికెన వేలంత కూడా లేదు. అందరూ దాన్ని చూసి ఇంతేనా అన్నారు. నేను మాత్రం ఆ ముక్క మీద అసూయపడ్డాను. ఇంత చిన్నది అన్నయ్య కోసం ఎక్కడో తయారై, పెట్టెలో భద్రంగా వచ్చి కూర్చుంది. నా దొంగదారి ఎంత పొడుగుందో, ఎటు పోతోందో చూసినవాళ్లే లేరు.

ఆ ముక్క పెట్టించుకునే రోజు పొద్దున వెళ్లి సాయంత్రానికి అన్నయ్య ఇంటికొచ్చేశాడు. "ఓ బిరడా కోసం అంత దూరం వెళ్లారట్రా," అని నానమ్మ నవ్వింది. అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు బిరడా. బిరడా ఎలా ఉందిరా, బిరడాని అదరనివ్వకు, బిరడా ఉన్నవాడు బరువులెత్తకూడదు. మెత్తలో నడుమ దూది తీసేసి అమ్మ గుండ్రటి దిండు కుట్టింది. అన్నయ్య స్నానానికి వెళ్లినప్పుడు ఒకరోజు దాని మీద కూర్చున్నాను. ఏడాదిన్నర తర్వాత రెండు వైపులా సమంగా కూర్చున్నాను. ఎంత హాయిగా ఉందంటే ఏడుపొచ్చింది. నీళ్ల చప్పుడు ఆగగానే లేచి, దిండు గుంట పడకుండా తట్టి, ఎలా ఉందో అలా పెట్టేశాను.

ఆసుపత్రి వాళ్లు ఒక కాగితం ఇచ్చారు. తేదీ, నొప్పి, స్రావం, మార్చిన గుడ్డలు, రోజూ రాయాలి. "స్రావం అంటే ఏంటి, శ్రావ్యంగా పాడాలా?" అన్నాడు అన్నయ్య. కారే తడి అని చెప్పాను. ఎలాగూ నువ్వు డైరీ రాస్తావుగా, ఇదీ రాసెయ్, గుడ్డలు ఉతికేదానివి నీకే తెలుస్తుంది అంది అమ్మ. అలా ఆ పని నాకొచ్చింది. పైన 'రోగి పేరు' అన్న చోట అన్నయ్య పేరు గుండ్రంగా రాశాను. రోజూ బకెట్ దగ్గర లెక్కపెట్టి రాసేదాన్ని. ఐదు, నాలుగు, మూడు. నాలుగో వారంలో ఒకనాడు అన్నయ్య గుడ్డలు ఒక్కటీ రాలేదు. బకెట్లో నావి రెండే ఉన్నాయి. తడి లేదు అని రాయాలి. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. లేదు అని ఎలా రాయను? నా కళ్ల ముందే ఉంది కదా. రెండు అని రాశాను. మర్నాడూ రెండు. అది అబద్ధం అనిపించలేదు. ఈ లోకంలో నా తడిని రాసుకునే కాగితం అదొక్కటే అనిపించింది.

ఆరు వారాలకి మళ్లీ వెళ్లాం. డాక్టరమ్మ తెర వెనక చూసొచ్చి, బాగా మూసుకుంటోంది అనబోయి కాగితం చూసింది. చదువుతుంటే నుదురు ముడిపడింది. పైకి మూసుకున్నట్టే ఉంది గానీ రోజూ రెండు గుడ్డలు తడుస్తున్నాయంటే లోపల పట్టినట్టు లేదు, స్కాన్ తీసి చూద్దాం, అవసరమైతే ఈసారి కోయాల్సిందే అంది. అన్నయ్య ముఖం పాలిపోయింది. నాకు తడేం లేదే అన్నాడు. "నీకేం తెలుసురా, ఉతికేది అది," అంది అమ్మ. నాన్న కాగితం లాక్కుని అంకెల మీద వేలు పెట్టి చూస్తున్నాడు.

అసూయతో అంకెలు వేసినప్పుడు అవి ఎవరి ఒంటి మీదికి పోతాయో నేను ఆలోచించనే లేదు. నోరు మూసుకుంటే అన్నయ్యకి కత్తి. నోరు తెరిస్తే నాన్న ముందు, అన్నయ్య ముందు, నా ఆ చోటు.

"ఆ రెండూ అన్నయ్యవి కావు," అన్నాను.

అమ్మ వెంటనే అందుకుంది. చిన్నపిల్ల అండీ, పొరపాటున రాసుంటుంది, కొట్టేయండి అంది. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పొరపాటు కాదు. నావి."

నాన్న కాగితం మీంచి తలెత్తలేదు. ఎన్నాళ్ల నుంచి అని డాక్టరమ్మ అడిగింది, నన్నే చూస్తూ. ఈ మధ్యనే అంది అమ్మ. ఏడాదిన్నర అన్నాను. అమ్మ నా చెయ్యి వదిలేసింది. తర్వాత నెమ్మదిగా, ఎవరితో అంటోందో తెలియకుండా, "చెప్పింది. నాకు చెప్పింది," అంది.

అన్నయ్య లేచి నిలబడ్డాడు. నా వైపు చూడకుండా, తన కింద ఉన్న గుండ్రటి దిండు తీసి నా కుర్చీలో పెట్టాడు. కూర్చున్నాను, అందరి ముందూ, సమంగా.

డాక్టరమ్మ సొరుగులోంచి కొత్త కాగితం తీసి, పెన్నుతో సహా నా ముందుకి జరిపింది. ముందు చూడాలి, బిరడా సరిపోతుందో ఇంకేదైనా కావాలో తర్వాత సంగతి అంది. నేను రోగి పేరు అని ఉన్న గీత మీద నా పేరు రాశాను. అక్షరాలు అన్నయ్య పేరు కంటే పెద్దవి పడ్డాయి. దిద్దలేదు.