అందరికీ బోణీయే

మా కూతురు శివాని కర్నూల్లో కంప్యూటర్ చదువు ముగించుకొని వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఒకటే వాదన, రేపటి వెబ్ ఎట్లుంటుందని. మగ్గం మీద కూర్చున్న మా ఆయన ఓబుళేశుకు మా ఇద్దరి రగడ రోజూ తమాషా.

"ఇంగ సైట్లు తెరిచి చూసే కాలం పోయిందిమా. కొనేవాళ్ల మిషను మన మిషనుతో మాట్లాడుకుంటాది. బేరం అవే తెంపుకుంటాయి," అంటుంది శివాని.

"చీర కట్టేది మిషనా? ఆడది చీర కొంటే నాలుగు మాటలు మాట్లాడాల," అంటాను నేను.

నా నోరు పెద్దదే. కానీ లోపల భయం. ఎమ్మిగనూరులో మా ఆయన నేసిన చీరలను ఫోన్లో చూపించి, బేరమాడి అమ్మేది నేనే. ఆ పని కూడా మిషనుకు పోతే ఈ ఇంట్లో నా మాట ఎవరు వింటారు?

"సరే, ఒక్క దినం నీ మిషన్ను కూర్చోబెట్టు, చూద్దాం," అనేశాను రోషంగా.

ఏ చీరకు ఎంత చెప్పాలో, ఎంతకు దిగాలో అన్నీ నన్నడిగి శివాని దానికి నేర్పింది. "అన్నిటికంటే ముఖ్యం, బోణీ బేరం పోగొట్టగూడదు. మొదట వచ్చినామె అడిగిన రేటుకే ఇచ్చేయాల. లేకుంటే ఆ దినమంతా అచ్చిరాదు," అని మరీ మరీ చెప్పాను.

మరునాడు నేను మూతి ముడుచుకొని వంటింట్లో కూర్చున్నాను. మధ్యాహ్నానికి శివాని ఎగిరి గంతేసింది.

"మా! అల్మారా ఖాళీ! నువ్వు వారమంతా అమ్మేవి ఒక్క పూటలో అమ్మేసింది!"

నాకు అన్నం సహించలేదు. అంతలో పత్తికొండ నుంచి మద్దమ్మ ఫోన్. ఏ చీరకైనా నాతో గీసి గీసి బేరమాడే మనిషి.

"అక్కా, బాగుండావా? ఒంట్లో ఏమన్నా బాగలేదా?"

"ఏమే, అట్లడుగుతాండావు?"

"మీ మిషను 'మీదే బోణీ' అని నేనడిగిన రేటుకే ఇచ్చేసింది. మా చెల్లెలికీ అదే మాట, మా వదినకూ అదే మాట. నువ్వయితే ప్రాణం పోయినా ఇయ్యవు. అక్కకేమన్నా అయిందేమో అని నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు."

స్పీకర్లో వింటున్న శివాని ముఖం మాడిపోయింది. ఎవరు పలకరించినా మిషనుకు అప్పుడే తెల్లవారినట్టు. వచ్చిన ప్రతి మనిషినీ బోణీ అనుకొని, అడిగిన రేటుకే ఇచ్చి పంపింది. మా ఆయన పొట్ట పట్టుకొని నవ్వాడు.

"నవ్వు, నవ్వు! పోయింది నీ రెక్కల కష్టమే!" అని అరిచాను. అరుస్తూ నేనూ నవ్వేశాను.

మద్దమ్మ ఇంకా ఫోన్లోనే ఉంది. "ఆ రేటు నాకొద్దక్కా. నువ్వు రేటు చెప్పు, నేను తగ్గించమంటా, నువ్వు తిట్టు. అప్పుడు తీసుకుంటా."

నాకు ఏడుపొచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. శివాని నా పక్కన చతికిలబడి, భుజం మీద తల ఆన్చింది.

"రేపటి వెబ్ ఎట్లుంటాదో నాకు తెలీదులేమా. దాంట్లో నీ ఫోన్ నంబరు మాత్రం పెట్టాల."

"పెడుదువులే, ముందు జరుగు," అని ఫోన్ అందుకున్నాను. "ఏమే మద్దమ్మా, అంత మంచి చీరను ఆ రేటుకు అడిగేదానికి నీకు నోరెట్లొచ్చిందే?"