సుందర్‌రాజ్ మోకాలు, రెండు ముందుపళ్ళు

నేవీలో ఉండగా సుందర్‌రాజ్ ఓడ నిచ్చెన మీంచి పడి ఎడమ మోకాలు పాడుచేసుకున్నాడు. అప్పట్నుంచీ ఆ మోకాలి వైద్యం సర్కారుదే. ఇప్పుడు ముందుపళ్ళు రెండు ఊడాయి. అవీ ఆ మోకాలి వల్లే ఊడాయి కాబట్టి సర్కారే కట్టించాలని అతని వాదన. వచ్చే నెల రంగత్‌లో కూతురు ఫేబే పెళ్ళి. ఆ తొర్రితో పెళ్ళి ఫొటోలో నిలబడేది లేదని భీష్మించుకు కూర్చున్నాడు.

మాజీ సైనికుల ఆసుపత్రిలో పళ్ళ డాక్టరు మంచివాడే.

"కైసే గిరే అంకుల్? ఎక్కడ పడ్డారు?"

"బాత్రూంలో జారేను సార్."

"అయితే తప్పు సబ్బుది. మోకాలిదని నేనెలా రాయను? చూసినవాళ్ళు ఉన్నారా?"

"బాత్రూంలో ఎవరుంటారు సార్."

పక్కనే ఉన్న భార్య లీదియా నిట్టూర్చింది. చూసినవాళ్ళు చర్చి నిండా ఉన్నారు మరి.

వాళ్ళుండే లంబాలైన్ పేటలోని తెలుగు చర్చిలో సాక్ష్యాల వేళ అందరికంటే ముందు లేవడం సుందర్‌రాజ్‌కి అలవాటు. మొన్న ఆదివారం వేదికెక్కి, ప్రభువు తన మోకాలు పూర్తిగా బాగుచేశాడని చెప్పాడు. అంతటితో ఆగుంటే ఏ గొడవా ఉండేది కాదు. జనం స్తోత్రం అనేసరికి మహానుభావుడికి ఊపొచ్చింది. చూడండంటూ వేదిక మీంచి కిందికి దూకాడు. మోకాలు మడతపడింది, మూతి వెళ్ళి ముందు బెంచీకి కొట్టుకుంది. అలవాటు కొద్దీ సంఘమంతా ఇంకోసారి స్తోత్రం అంది.

ఆసుపత్రి వరండాలోకి రాగానే లీదియా నిలదీసింది.

"పళ్ళు కావాలా, పరువు కావాలా? ఏదో ఒకటి తేల్చండి."

"రెండూ కావాలే."

"రెండూ రావు. చర్చిలో వీడియో తీసే లాయిడ్ దగ్గర అంతా ఉంది. అడిగితే పంపుతాడు."

సుందర్‌రాజ్‌కి నిజంగానే ఏడుపొచ్చింది. కానీ పెళ్ళిబట్టల్లో ఫేబే కళ్ళముందు మెదిలింది. ఫోన్ తీసి లాయిడ్‌కి చేశాడు.

డాక్టరు వీడియో చూశాడు. నర్సును పిలిచి మళ్ళీ చూశాడు. బయట వరసలో కూర్చున్న ముసలి సుబేదారు కూడా లోపలికొచ్చి చూసి, దూకే చోట ఇంకోసారి వెయ్యమన్నాడు.

"ఇందులో మోకాలు పూర్తిగా బాగైందంటున్నారు కదా అంకుల్?"

సుందర్‌రాజ్ తల వంచుకున్నాడు.

"అది విశ్వాసం సార్. దూకినాక కనబడింది మోకాలు."

డాక్టరు నవ్వుతూనే, పళ్ళు ఊడింది మోకాలి వల్లేనని రాసి సంతకం పెట్టాడు.

పెళ్ళినాడు ఫేబే చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తూ సుందర్‌రాజ్ కళ్ళనీళ్ళతోనే నోరారా నవ్వాడు. కొత్తపళ్ళు తళతళలాడుతుంటే వాటిని చూసుకుని లీదియా కూడా మురిసిపోయింది. విందుకు ముందు, పెళ్ళికూతురి తండ్రి వేదిక మీదికొచ్చి రెండు మాటలు చెప్పాలని పాస్టరుగారు పిలిచారు. సుందర్‌రాజ్ ఉత్సాహంగా లేవబోయాడు. లీదియా అతని కోటు పట్టుకుని కిందికి లాగింది.

"కూర్చునే చెప్పండి."